చెక్కబాట వెనుక చరిత్ర: మ్యూర్ వుడ్స్ అడవిలో చక్రాల కుర్చీ

వ్యాససంగ్రహం:
అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన ఉన్న మ్యూర్ వుడ్స్ జాతీయ స్మారక వనంలో చక్రాల కుర్చీతో వెళ్ళగలిగే ఒక చిన్న బాట ఉంది. ఆ బాట వెనుక ఉన్న నూరేళ్ళకు పైబడిన చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అడవిని కాపాడిన తరం దృష్టిలో ‘ప్రజలు’ అంటే ఎవరు, వైకల్యం గల వ్యక్తులు ఆ మాట పరిధిలోకి ఎప్పుడు, ఎవరి పోరాటం వల్ల వచ్చారు అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు.

కీలకపదాలు: మ్యూర్ వుడ్స్, రెడ్‌వుడ్ అడవులు, వైకల్య అధ్యయనం, సుగమ్యత, సుజనన సిద్ధాంతం, పర్యావరణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయానికి నడిచి వెళ్ళలేదు. సిద్ధుడిచ్చిన పాదలేపం అతణ్ణి తీసుకువెళ్ళింది. మంచు తగిలి ఆ లేపం కరిగిపోయిన తరువాతనే అసలు కథ మొదలవుతుంది. తరగతి గదిలో మనం ఈ ఘట్టాన్ని ప్రవరుని నిష్ఠ, వరూధిని మోహం అనే రెండు కొసల నుంచే బోధిస్తాం. ప్రకృతి దర్శనం ఒక సాధనం మీద ఆధారపడి ఉందన్న సంగతిని, ఆ సాధనం పనిచేయని చోట చూడవచ్చినవాడు చిక్కుబడిపోతాడన్న సంగతిని దాటిపోతాం. మన కావ్యాల్లో అడవికి సహజ విశేషణం ‘దుర్గమం’. ఎవరికి దుర్గమం అన్న ప్రశ్న వర్ణన చేసినవారికీ రాలేదు, వ్యాఖ్యానించినవారికీ రాలేదు.

ఈ ప్రశ్నకు ఒక చారిత్రక సమాధానం వెతకడానికి నేను ఎంచుకున్న స్థలం మన నేల మీది అడవి కాదు. మ్యూర్ వుడ్స్‌ను ఎంచుకోవడానికి కారణం అక్కడి చెట్ల ఎత్తు అసలే కాదు. వైకల్య హక్కుల చరిత్ర, అడవుల రక్షణ చరిత్ర సాధారణంగా వేర్వేరు గ్రంథాల్లో ఉంటాయి. ఈ ఒక్క లోయలో మాత్రం అవి రెండూ పదే పదే ఎదురుపడ్డాయి. ఆ ఎదురుపాట్లలో కొన్ని యాదృచ్ఛికం, కొన్ని కావు.

2. కొనుగోలు, దానం, ప్రకటన

రెడ్‌వుడ్ కాలిఫోర్నియా తీరపు స్థానిక వృక్షం. సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచు వేసవిలో దానికి నీటి ఆధారం. మ్యూర్ వుడ్స్‌లోని అత్యున్నత వృక్షం 258 అడుగులు. చాలా చెట్ల వయస్సు 600 నుంచి 800 ఏళ్ళు. ఇంత భారీ వృక్షానికి తల్లివేరు ఉండదు. వేళ్ళు పది పన్నెండు అడుగుల లోతు దాటకుండా, పక్కలకు దాదాపు నూరు అడుగుల వరకు పాకి, ఇరుగుపొరుగు చెట్ల వేళ్ళతో పెనవేసుకుంటాయి. ఈ వృక్షశాస్త్ర విషయం తరువాత బాట నిర్మాణాన్ని నిర్ణయించింది కనుక ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఈ లోయ కోస్ట్ మివోక్ జనుల భూమి. 1849 నాటి బంగారు వేట తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో పెరిగింది. ఆ నగరపు ఇళ్ళకు కలప కావలసివచ్చింది. చుట్టుపక్కల రెడ్‌వుడ్ లోయలన్నీ వరుసగా నేలమట్టమయ్యాయి. ఈ లోయ ఇరుకుగా, కలప తరలింపుకు కష్టంగా ఉండడం వల్ల మిగిలిపోయింది. అంటే అడవి బతికింది దుర్గమం కావడం వల్లనే. 1892లో బొహీమియన్ క్లబ్ అనే నగర సంపన్నుల సంఘం ఇక్కడ విడిది చేసి, జపాన్‌లోని కామకురా బుద్ధుని నమూనాలో ఒక పెద్ద ప్రతిమను తాత్కాలికంగా నిలబెట్టింది. రెడ్‌వుడ్‌ల మధ్య బుద్ధుడు! ఆ చిత్రాన్ని ఊహించుకుని వదిలేద్దాం.

1904లో కాలిఫోర్నియా క్లబ్ మహిళలు ఈ అడవిని కాపాడాలని ప్రచారం చేశారు. 1905లో విలియం కెంట్ అనే ధనికుడు, ఆయన భార్య ఎలిజబెత్ థాచర్ కెంట్ కలిసి 611 ఎకరాలను 45,000 డాలర్లకు కొన్నారు. 1907లో ఒక నీటి సరఫరా కంపెనీ లోయలోని రెడ్‌వుడ్ వాగుకు ఆనకట్ట కట్టడానికి ఈ భూమిని న్యాయస్థానం ద్వారా బలవంతంగా సేకరించబోయింది. ప్రైవేటు భూమి అయితే ఆ దావా నిలుస్తుంది. ఫెడరల్ ప్రభుత్వ భూమి అయితే నిలవదు. కెంట్ వెంటనే 295 ఎకరాలను ప్రభుత్వానికి దానం చేశాడు. 1906 నాటి పురావస్తు చట్టం కింద అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1908 జనవరి 9న దానిని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. వ్యక్తి దానమిచ్చిన భూమితో ఏర్పడిన తొలి జాతీయ స్మారకం ఇదే. తన పేరు పెడతామంటే కెంట్ అంగీకరించలేదు. ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ పేరు పెట్టాలని కోరాడు.

ఆ మ్యూర్ జీవితంలోని ఒక ఘట్టం మన విషయానికి సంబంధించినది. 1867లో ఇండియానాపొలిస్‌లోని ఒక కర్మాగారంలో పనిచేస్తుండగా ఆకురాయి మొన గుచ్చుకుని ఆయన కుడికన్ను దెబ్బతింది. కొద్ది రోజుల్లో రెండవ కంటి చూపు కూడా పోయింది. వారాల తరబడి చీకటి గదిలో గడిపాడు. చూపు తిరిగి వచ్చాక యంత్రాల పని మానేసి, మెక్సికో సింధుశాఖ దాకా సుమారు వెయ్యి మైళ్ళు నడిచాడు. మ్యూర్ జీవితచరిత్రల్లో ఈ అంధత్వం ఒక మలుపుగా, దాటి వచ్చిన చీకటిగా కనిపిస్తుంది. ఆ చూపు రాకపోయి ఉంటే అడవితో ఆయన సంబంధం ఏమయ్యేదన్న ఆలోచన వాటిలో అరుదు.

3. ఎవరి కోసం కాపాడిన అడవి?

‘ప్రజల కోసం’ అన్నది ఆనాటి అడవుల రక్షకులందరి నోటా వినిపించిన మాట. ఆ ప్రజలు ఎవరో తెలుసుకోవాలంటే వారి ఇతర కార్యకలాపాలను కూడా చూడాలి. కాంగ్రెస్ సభ్యునిగా కెంట్ 1916 నాటి జాతీయ ఉద్యానవన సేవాసంస్థ బిల్లును ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టాడు. ఆసియా వలసదారులను అడ్డుకోవాలన్న కాలిఫోర్నియా రాజకీయాలకు కూడా బహిరంగంగా మద్దతు పలికాడు. ఆ రాష్ట్రం 1913లోనూ 1920లోనూ చేసిన భూమి చట్టాలు ఆసియా నుంచి వచ్చినవారికి భూమి దక్కకుండా చేశాయి. 1912లో అమెరికా వెళ్ళి గదర్ పార్టీలో పనిచేసిన కనిగిరి వాస్తవ్యుడు దరిశి చెంచయ్య ఎరిగిన అమెరికా ఇదే. గదర్ కేంద్రం శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉండేది. మ్యూర్ వుడ్స్ ఉన్నది అక్కడికి అఖాతం అవతల.

జాతి వివక్షతో పాటు శరీర వివక్ష కూడా అదే కాలంలో శాస్త్రం పేరు పెట్టుకుంది. యూజెనిక్స్ అని పిలిచిన ఈ సుజనన సిద్ధాంతం మనుషులను యోగ్యులు, అయోగ్యులు అని విభజించి, రెండవ వర్గం సంతానం కనకుండా చూడాలని బోధించింది. కాలిఫోర్నియా 1909లో నిర్బంధ వంధ్యీకరణ చట్టం చేసింది. 1979లో అది రద్దయ్యేనాటికి ప్రభుత్వ సంస్థల్లో ఉన్న సుమారు 20,000 మందికి ఆ శస్త్రచికిత్స జరిగింది. బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి, మూర్ఛ వంటి ముద్రలు పడినవారే వారిలో అత్యధికులు.

రెడ్‌వుడ్ అడవుల చరిత్రతో దీనికి ఉన్న ముడి పరోక్షమైనది కాదు. 1918లో రెడ్‌వుడ్ రక్షణ సమితిని స్థాపించిన ముగ్గురిలో ఒకడైన మాడిసన్ గ్రాంట్ 1916లో జాతి శ్రేష్ఠతా వాద గ్రంథం రచించాడు. మరొక స్థాపకుడు హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బర్న్ కూడా సుజనన ఉద్యమ నాయకుడు. మ్యూర్ వుడ్స్ కాలపు ప్రధాన అటవీ అధికారి గిఫర్డ్ పింషో సైతం ఆ ఉద్యమ సభల్లో పాల్గొన్నాడు. వీరందరికంటె మన విషయానికి దగ్గరివాడు శాక్రమెంటో నగరానికి చెందిన చార్లెస్ గోథి. ప్రకృతి నడక అనే ప్రక్రియకే అమెరికాలో ఇతడు ఒక పోషకుడు. ఐరోపాలో చూసిన పద్ధతిని ఆదర్శంగా తీసుకుని, 1919లో టాహో సరస్సు ప్రాంతంలో నిపుణుల వెంట సందర్శకులు నడుస్తూ చెట్టూ పుట్టా తెలుసుకునే కార్యక్రమాన్ని ప్రోత్సహించాడు. మరుసటి ఏడాది అది యోసెమిటీకి వచ్చింది. ఆ మనిషే ఉత్తర కాలిఫోర్నియా సుజనన సంఘాన్ని స్థాపించి, వంధ్యీకరణకు జీవితాంతం ప్రచారం చేశాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1907లో కెంట్ భూమి ఇవ్వడానికి కారణం ఆనకట్ట ప్రమాదమే కాని సుజనన సిద్ధాంతం కాదు. 1918 నాటి సమితిని, 1907 నాటి దానాన్ని ఒకే గాటన కట్టే రచనలు ఇటీవల వస్తున్నాయి. అది చరిత్ర పద్ధతి కాదని నా అభిప్రాయం. అయితే ‘శ్రేష్ఠమైన వృక్షజాతిని కాపాడాలి’, ‘శ్రేష్ఠమైన మానవజాతిని కాపాడాలి’ అన్న రెండు వాక్యాలు గ్రాంట్ వంటివారి ఆలోచనలో ఒకే తర్కం నుంచి పుట్టాయన్నది కాదనలేం. ఆ తర్కంలో నడవలేని మనిషికి ప్రకృతి నడకలో చోటు లేదు. బాట లేకపోవడానికి అప్పటి ఇంజనీరింగ్ పరిమితులు కారణమైతే కావచ్చు. బాట కావాలన్న ఊహ రాకపోవడానికి మాత్రం కారణం అది కాదు.

4. 1945 మే 19

ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కోసం 1945 ఏప్రిల్ 25 నుంచి జూన్ 26 వరకు శాన్‌ఫ్రాన్సిస్కోలో మహాసభ జరిగింది. భారత ప్రతినిధివర్గ నాయకుడు కర్నూలులో పుట్టిన ఆర్కాట్ రామస్వామి మొదలియార్. ఆ సభల్లో ఒకదానిని మ్యూర్ వుడ్స్‌లో జరపాలని అమెరికా అంతరంగిక వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇకీస్ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు సూచించాడు. సభ ప్రారంభానికి ముందే, ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ మరణించాడు. దానితో మే 19న ప్రతినిధులు అడవిలోని కెథీడ్రల్ గ్రోవ్ అనే చోట ఆయనకు సంతాపసభ జరిపారు. అక్కడ ఇప్పటికీ ఒక స్మారక ఫలకం ఉంది.

1921లో, 39 ఏళ్ళ వయస్సులో రూజ్‌వెల్ట్‌కు పోలియో సోకింది. అప్పటి నుంచి మరణించేవరకు ఆయన చక్రాల కుర్చీ వాడాడు. మామూలు కుర్చీ కాళ్ళు తీసి చక్రాలు బిగించి తనకోసం చేయించుకున్న చిన్న కుర్చీ అది. సభల్లో లోహపు పట్టీలు తొడుక్కుని, ఎవరో ఒకరి భుజం ఆసరాగా నిలబడేవాడు. పత్రికలు కుర్చీ ఫొటోలు దాదాపు ప్రచురించలేదు. నాలుగుసార్లు ఎన్నికైన అధ్యక్షుని దేహస్థితి దేశానికి తెలుసు, కాని చూపకూడనిది. ఆయన స్మరణ కోసం ప్రతినిధులు నడిచి వెళ్ళిన ఆ వృక్షవాటికకు, బతికి ఉండి వచ్చి ఉంటే, ఆయన తన కుర్చీలో సొంతంగా చేరుకోగల బాట ఉండాలన్న నిబంధన ఆనాడు ఏ చట్టంలోనూ లేదు. అర్ధశతాబ్దం తరువాత, 1997లో వాషింగ్టన్‌లో ఆయన స్మారకం తెరిచినప్పుడు కూడా కుర్చీని స్పష్టంగా చూపే విగ్రహం లేదు. వైకల్య సంఘాలు పట్టుబట్టి నిధులు సేకరించిన తరువాత 2001లో అది వచ్చింది.

5. యునైటెడ్ నేషన్స్ ప్లాజా, 50 నంబరు భవనం

ఐక్యరాజ్యసమితి పుట్టుకకు గుర్తుగా శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున ఉన్న కూడలికి యునైటెడ్ నేషన్స్ ప్లాజా అని పేరు పెట్టారు. అక్కడి 50 నంబరు ఫెడరల్ భవనంలో 1977 ఏప్రిల్ 5న మొదలైన ధర్నా అమెరికా వైకల్య హక్కుల చరిత్రలో కీలక ఘట్టం. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ ఫెడరల్ నిధులు పొందే ఏ కార్యక్రమంలోనూ వైకల్యం ఆధారంగా వివక్ష చూపరాదని చెప్పింది. నియమావళి లేకుండా ఆ సెక్షన్ అమలు కాదు. ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ దానిని నాలుగేళ్ళు సంతకం కాకుండా ఆపింది.

జూడిత్ హ్యూమన్, కిటీ కోన్ తదితరుల నాయకత్వంలో సుమారు 150 మంది ఆ శాఖ కార్యాలయంలోకి ప్రవేశించి కదలలేదు. వారిలో చక్రాల కుర్చీలవారు, అంధులు, బధిరులు ఉన్నారు. మందులు, సహాయకులు, మెత్తని పరుపులు లేకుండా రోజులు గడపడం కొందరికి ప్రాణాపాయమే. ఫోన్లు కట్ చేస్తే బధిరులు కిటికీల నుంచి సైగల భాషలో బయటివారికి వార్తలు చేరవేశారు. బ్లాక్ పాంథర్ పార్టీ రోజూ వేడి భోజనం పంపింది. మంత్రి జోసెఫ్ కలిఫానో ఏప్రిల్ 28న నియమావళిపై సంతకం చేశాడు. 30వ తేదీన వారు బయటికి వచ్చారు. మరుసటి ఏడాది ఆ సెక్షన్‌ను ఫెడరల్ సంస్థల సొంత కార్యక్రమాలకు కూడా విస్తరించారు. జాతీయ ఉద్యానవనాలు ఆ విధంగా దాని పరిధిలోకి వచ్చాయి.

చట్టం ఉన్నంత మాత్రాన బాట రాదు. మ్యూర్ వుడ్స్ పరిపాలన గోల్డెన్ గేట్ జాతీయ విహారప్రాంతం కింద ఉంటుంది. ఆ ప్రాంతంలోని స్థలాలు నడవలేనివారికి, చూపు లేనివారికి అందుబాటులో లేవని 2008లో ఫెడరల్ న్యాయస్థానంలో సామూహిక దావా పడింది. ధర్నా ముగిసిన 31 ఏళ్ళకు, అఖాతం ఆవలి ఒడ్డునే!

6. బాట కొలతలు

బాట అంటే కొలతలు. 1968 నాటి నిర్మాణ అవరోధాల చట్టం ఫెడరల్ భవనాల మెట్లకు, తలుపులకు ప్రమాణాలు తెచ్చింది. అడవి దారికి ప్రమాణం రావడానికి మాత్రం 2013 దాకా ఆగవలసివచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో ప్రకటించిన ఆరుబయటి స్థలాల నియమాల ప్రకారం నడక దారి వెడల్పు కనీసం 36 అంగుళాలు. 60 అంగుళాల కంటె సన్నగా ఉన్న దారిలో ప్రతి 1,000 అడుగులకు రెండు కుర్చీలు తప్పుకునే చోటు ఉండాలి. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే వాలు ఎంత దూరమైనా ఉండవచ్చు. పన్నెండుకు ఒకటి అయితే 200 అడుగుల తరువాత ఆగి ఊపిరి తీసుకునే సమతలం కావాలి. చెక్కబాటలో పలకల సందు అర అంగుళం మించరాదు, కుర్చీ ముందుచక్రం ఇరుక్కుంటుంది కనుక. నేల గట్టిగా, స్థిరంగా ఉండాలి. అయితే నేల స్వభావం వల్లనో, ఆ స్థల స్వరూపం మారిపోతుందన్న కారణంతోనో సాధ్యం కానిచోట మినహాయింపులు కూడా ఆ నియమాల్లోనే ఉన్నాయి. ఈ మినహాయింపులను ఎంత ఉదారంగా వాడుకుంటారన్న దాని మీదే ఆచరణ ఆధారపడుతుంది.

మ్యూర్ వుడ్స్ ప్రధాన మార్గం వాగు వెంబడి దాదాపు సమతలంగా సాగుతుంది. వాగు మీద వరుస సంఖ్యలున్న వంతెనలు. రెండవ వంతెన దగ్గర మళ్ళి వస్తే సుమారు అర మైలు, మూడవ దాని వరకు వెళితే ఒక మైలు. పూర్వం ఇక్కడ తారుబాట ఉండేది. కోట్ల పాదాల కింద అడవి నేల గట్టిపడి, నీరు ఇంకక, పైపైనే పాకే రెడ్‌వుడ్ వేళ్ళకు ఊపిరాడని స్థితి వచ్చింది. దానితో పలుచోట్ల తారు తొలగించి, నేలకు కొంత ఎత్తులో చెక్కబాట వేశారు. వేళ్ళ మీద బరువు తగ్గింది. పలకల కింద ఫెర్నులు, సోరెల్ మొలకలు మళ్ళీ లేచాయి. ఆ చెక్కబాటే చక్రాల కుర్చీకి నునుపైన దారి అయింది.

అడవిని కాపాడాలంటే బాటలు వేయకూడదని, అందరినీ రానివ్వాలంటే అడవిని కొంత పోగొట్టుకోవాలని ఒక వాదన మన పర్యావరణ చర్చల్లో కూడా తరచు వినిపిస్తుంది. ఈ లోయ అనుభవం ఆ వాదనకు ఎదురు నిలుస్తుంది. కాని దానిని అతిగా వాడరాదు. చెక్కబాటకు చెప్పే మొదటి కారణం వేళ్ళు. కుర్చీలు ఆ తరువాత. అదే అడవిలో వాలు మీది దారి ఇప్పటికీ మెట్లతో, రాళ్ళతో కుర్చీకి అందదు.

భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్‌లో సంస్కృతి, వినోదం కూడా హక్కుల్లో చేరాయి. 2017 నాటి నియమాల్లోని 15వ నియమం అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా మార్గదర్శకాల స్థాయిలోనే ఉంచిందని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో తప్పుపట్టింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను రూపొందించినది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం. 504వ సెక్షన్ నియమావళికి జరిగిన పోరాటాన్ని చదివినవారికి ఈ తీర్పులోని మూలప్రశ్న కొత్త కాదు. హక్కు చట్టంలో ఉంటుంది, కొలత నియమంలో ఉంటుంది, కొలత తప్పనిసరి కాకపోతే హక్కు కాగితం మీదే ఉంటుంది. పరిభాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2015 నుంచి ప్రభుత్వ వ్యవహారంలో ‘దివ్యాంగులు’ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. మనిషిని దివ్యం చేసే మాటకంటె దారిని ‘సుగమం’ చేసే మాట మేలని నేను భావిస్తాను. దుర్గమత్వం దేహంలో ఉన్నదా, దారిలో ఉన్నదా అన్న తేడాను ఆ పాత సంస్కృత పదమే స్పష్టంగా పట్టిస్తుంది.

7. పలక మీది చీటీలు

మ్యూర్ వుడ్స్ బాట పక్కన అడవి రక్షణ చరిత్రను కాలక్రమంలో చెప్పే ఒక సమాచార పలక ఉంది. 2021లో అక్కడి ఉద్యోగులు దానిని తీసివేయకుండా, దాని మీదనే పసుపు చీటీలు అంటించినట్టుగా అదనపు వివరాలు చేర్చారు. చరిత్ర ఇంకా నిర్మాణంలో ఉన్నదని పైన ఒక శీర్షిక పెట్టారు. కోస్ట్ మివోక్ జనుల ప్రస్తావన, 1904 నాటి మహిళల ప్రచారం, కెంట్ ఆసియా వ్యతిరేక రాజకీయాలు, అడవుల రక్షకుల్లో కొందరికి సుజనన ఉద్యమంతో ఉన్న సంబంధం ఆ చీటీల్లోకి వచ్చాయి. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం నిర్బంధ వంధ్యీకరణకు గురై ఇంకా జీవించి ఉన్నవారికి పరిహార పథకం ప్రకటించింది; ప్రెయరీ క్రీక్ రెడ్‌వుడ్ వనంలోని మాడిసన్ గ్రాంట్ స్మారకాన్ని కూడా తొలగించింది.

2025లో, ఫెడరల్ స్థలాల్లోని చరిత్ర ఫలకాలను సమీక్షించాలన్న అధ్యక్షుని ఉత్తర్వు తరువాత, జూలై నెలలో మ్యూర్ వుడ్స్ పలక మీది చీటీలను తీసివేశారు. మూల పలక యథాస్థానంలోనే ఉంది.